సూది మేస్త్రి బండికి ఏసీ

ఆ ఊళ్ళో కార్లకు ఏసీలు బిగించేవాళ్ళు పదిమంది దాకా ఉంటారు గానీ, సూది మేస్త్రి ఒక్కడే. సూది అంటే బట్టలు కుట్టేది కాదు. గ్యాసు కొలిచే మీటరులో ఉండే ముల్లు. నలభై రెండేళ్ళ నుంచీ ఆ ముల్లును నమ్ముకున్నాడు, అదే అతనికి పేరైపోయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇప్పుడు ఆధార్ లాంటి కాగితాల మీద తప్ప ఇంకెక్కడా లేదు.

అతని పద్ధతి ఇది. గొట్టాలన్నీ బిగించాక, పంపు పెట్టి లోపలి గాలంతా లాగేస్తాడు. సూది సున్నా కిందికి దిగుతుంది. అప్పుడు గొట్టానికున్న చిన్న కుళాయి, కాకు, తిప్పి మూసేసి, సూది ఏ గీత మీదుందో అద్దం మీద సుద్దముక్కతో గుర్తు పెడతాడు. ఇక ఒక పగలూ ఒక రాత్రీ దాన్ని ముట్టుకోడు. మర్నాడు అదే వేళకు వచ్చి చూస్తాడు. సూది అదే గీత మీద ఉంటేనే గ్యాసు పడతాడు. వెంట్రుకవాసి కదిలినా మళ్ళీ మొదటి నుంచి అన్నీ విప్పుతాడు. మిగతా షాపులవాళ్ళు అరగంట చూసి పంపించేస్తారు. వాళ్ళ దగ్గరికి పోతే సాయంత్రానికి బండి వస్తుంది, ఇతని దగ్గరైతే మర్నాడు వస్తుంది. తెలిసినవాళ్ళు మర్నాటి దాకా ఆగేవారు.

ఊరికే పట్టుకున్న పట్టుదల కాదు అది. పనిలోకి వచ్చిన కొత్తలో, తొందరగా ఉందంటే ఒకాయన కారుకు అప్పటికప్పుడే గ్యాసు పట్టి పంపించేశాడు. సగం దారిలో గ్యాసంతా కారిపోయింది. వెనక అద్దాలు దిగని కారు, నడినెత్తిన ఎండ. వెనక సీట్లో ఆయన ముసలి తల్లి స్పృహ తప్పింది. బతికింది, అది వేరే సంగతి. మర్నాడు ఆయన వచ్చి తిట్టలేదు, కొట్టలేదు. షెడ్డు ముందు నిలబడి, "మా అమ్మయ్యా ఆవిడ" అన్నాడు. ఆ ఒక్క మాటా అని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే మేస్త్రి ఎప్పుడో మరిచిపోయేవాడు.

ఇంతమంది బండ్లు చల్లబరిచినవాడి సొంత బండికి మాత్రం ఏసీ లేదు. అది మామగారి పాత పికప్. మేస్త్రి కంటే వయసెక్కువ దానికి. ముందు గుండ్రటి లైట్లు రెండు, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, ముగ్గురు కూర్చునే ఒకే బారు సీటు. మామగారు ఆ బండిలో ఐసు దిమ్మలు తోలేవాడు. రంపపు పొట్టులో కప్పిన దిమ్మలు వెనక, చెమటలు కక్కుతూ మనుషులు ముందు. "వెనక మంచు, ముందు మంట" అని మేస్త్రి భార్య తన చిన్నతనాన్ని చెప్పుకుని నవ్వేది.

ఆ బండి గురించే అక్కాచెల్లెళ్ళు విడిపోయారు. తండ్రి చెయ్యి విరిగిన ఏడాది అక్క బడి మానేసి స్టీరింగు పట్టుకుంది. నాలుగేళ్ళు ఆ పిల్లే ఐసు తోలింది, ఇల్లు నడిపింది. చివరికి తండ్రి పోయేముందు తాళం తీసి చెల్లెలి చేతిలో పెట్టాడు, "అల్లుడు మెకానిక్ కదా, బాగుచేసుకుంటూ కాపాడతాడు" అని. ఆయన ఉద్దేశంలో అదొక ఇనుప సామాను. అక్క ఉద్దేశంలో అది ఆమె చదువు, ఆమె వయసు. "తోలినదాన్ని నేను, తాళం నీకా?" అని ఆ రోజు గుమ్మం దిగిపోయింది. దిగి పదకొండేళ్ళు.

ఆ ఏడు ఎండలు మొదలయ్యేసరికి మేస్త్రి భార్య గుండె నీరసపడిపోయింది. కాళ్ళకు నీరు పట్టింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రాత్రంతా గోడకు తగిలించిన ఆక్సిజన్ మిషన్ నుంచి ముక్కుకు గొట్టం పెట్టుకుని పడుకోవాలి, పొద్దెక్కాక గానీ తీయకూడదు. డాక్టరు మేస్త్రిని వరండాలోకి పిలిచి, "నెలలు లెక్కపెట్టుకోకండి. వారాలనుకోండి. ఎండ మాత్రం తగలనివ్వకండి, అరగంట తగిలినా మన చేతుల్లో ఉండదు" అన్నాడు. మేస్త్రి సరేనన్నాడు. గదిలో ఏసీని తనే విప్పి, కడిగి, మళ్ళీ బిగించాడు. ఆ గదే ఆవిడకు లోకమైపోయింది.

అలాంటప్పుడు ఒకరోజు పొద్దున్న అక్కగారి కోడలు ఫోను చేసింది.

"పిన్నిగారూ, అత్తయ్య స్నానాల గదిలో జారిపడి రెండు నెలలైంది. తుంటి ఎముక విరిగింది. చక్రాల కుర్చీలోనే ఉంటున్నారు. మీకు చెప్పొద్దన్నారు, అందుకే చెప్పలేదు. నిన్న ఉన్నట్టుండి 'నాన్న బండి ఇంకా నడుస్తోందా' అని అడిగారు. అందుకని చేశాను."

మేస్త్రి భార్య ఫోను చెవికి ఆనించుకుని కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "నడుస్తోందని చెప్పమ్మా. తీసుకొస్తున్నానని చెప్పు."

ఫోను పెట్టేసి, "మేస్త్రీ!" అని కేక వేసింది. పెళ్ళైన నాటి నుంచీ ఆవిడ కూడా అతన్ని అలాగే పిలిచేది, ఎగతాళికి మొదలుపెట్టి అలవాటు చేసుకుంది. "అక్క దగ్గరికి పోవాలి. ఆ తాళం నా చేత్తో దాని చేతిలో పెట్టాలి. పెట్టాక నువ్వు నన్ను ఎక్కడికి పంపించినా పోతాను."

"మూడు గంటల దారి" అన్నాడు మేస్త్రి. "ఎండలో."

పక్కనే ఉన్న కూతురు, "ఏసీ టాక్సీ పిలుద్దాం అమ్మా. నాన్న బండి వేసుకుని వెనక వస్తాడు" అంది.

"అద్దె కారులో దిగి, నీ బండి నీకిస్తున్నానక్కా అనాలా? పెళ్ళికూతురు పక్కింటి చీర కట్టుకున్నట్టుంటుంది. నాన్న బండిలోంచే దిగుతాను." తర్వాత మొగుడి వైపు తిరిగి, "ఊరందరికీ చల్లగాలి పోశావు. నన్ను మాత్రం నలభై ఏళ్ళుగా ఉడకబెడుతున్నావు. నా బండికి ఏసీ పెట్టడానికి నేనెవర్ని బతిమాలాలయ్యా?" అంది.

మేస్త్రి బయటికి వెళ్ళి పికప్ ముందు నిలబడ్డాడు. మధ్యాహ్నానికల్లా బానెట్ విప్పేశాడు.

పాత బండికి ఏసీ పెట్టడమంటే చిల్లికుండలో నీళ్ళు నింపడమే. కొత్త కార్లలో అన్నిటికీ చోటుంటుంది. దీనికి ఎక్కడా ఏమీ లేదు. కంప్రెసర్ కూర్చోబెట్టడానికి ఇంజన్ పక్కన ఒక దిమ్మ కావాలి. పాత డైనమో తీసేసి కొత్త ఆల్టర్నేటరు పెట్టాలి, లేకపోతే ఫ్యాను తిరగదు. రేడియేటరు ముందు ఇంకో జాలీ నిలబెడితే ఇంజనుకు ఊపిరాడదు, దానికి వేరే ఫ్యాను కావాలి. మేస్త్రి తన స్నేహితుణ్ణి, వీధి చివర వెల్డరును పిలిచాడు. వెల్డరు బండి కిందికి దూరి, వెల్లకిలా పడుకుని పైకి చూశాడు.

"అన్నా, ఇది బండి కాదు, జల్లెడ. కింద నుంచి చూస్తుంటే నాకు నీ మొహం కనపడుతోంది."

"నా మొహం చూడటానికి పిలవలేదు నిన్ను. చిల్లులు మూయడానికి పిలిచాను."

"మూస్తాలే. కానీ నీకు ఏసీ కంటే కొత్త బండి చవక."

"నోరు మూసుకుని ముందు అవి మూయి."

మేస్త్రి భార్య కిటికీ లోంచి ఇదంతా చూస్తూ ఉండేది. గది కిటికీ షెడ్డు వైపే ఉంటుంది. కుర్చీ అక్కడికి జరిపించుకుంది. రోజూ మధ్యాహ్నం అద్దం మీద వేలితో కొట్టి అతన్ని పిలిచి, ఏదో ఒకటి చెప్పేది. మొదటిరోజే ఒక షరతు పెట్టింది.

"డాష్‌బోర్డుకు చిల్లు పెట్టకు."

"పెట్టకపోతే గాలి ఎక్కడి నుంచి వస్తుంది?"

"అది నీ పని. నాన్న పొద్దున్నే ఎక్కి అక్కడ చెయ్యి వేసి దణ్ణం పెట్టుకునేవాడు. అక్క కూడా అంతే. చిల్లు చూస్తే నేను బండి దిగకముందే తిట్టడం మొదలుపెడుతుంది."

ఆ ఒక్క షరతుకు మూడు రోజులు పట్టింది. చల్లదనం పుట్టించే పెట్టెను డాష్‌బోర్డు కింద వేలాడదీయాలి, కొత్త చిల్లు లేకుండా. ఎప్పుడో ఊడిపోయిన రేడియోకు ఉన్న పాత బోల్టు రంధ్రాలు రెండు దొరికాయి. మూడోదానికి స్టీరింగు రాడ్డును పట్టుకున్న పట్టీని ఆసరా చేసుకున్నాడు. గొట్టాలు లోపలికి రావడానికి, ఒకప్పుడు వైపరు మోటారు ఉండి ఇప్పుడు మూతపడిన చోటును వాడుకున్నాడు. పాదాల దగ్గర చిల్లులకు వెల్డరు రేకులు అతికాడు. తలుపుల చుట్టూ రబ్బరు, గేరు కడ్డీ సందుకు తోలు, పైకప్పు లోపల మందపాటి నార. ముందద్దం కింద గాలి కోసం పైకి లేచే చిన్న మూత ఒకటుంది. దాన్ని కూడా జిగురుతో మూసేశాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు కూడా అలా పని చెయ్యడు. రాత్రికి నడుము పట్టేసేది. కూతురు నూనె రాస్తూ, "నాన్నా, కాస్త మెల్లగా చెయ్యి, నువ్వు కూడా పడిపోతే ఇద్దరినీ నేను చూడలేను" అనేది. "మెల్లగా చెయ్యడానికి మీ అమ్మ టైమివ్వలేదు" అనేవాడు.

అవతల అక్కగారింట్లో కూడా రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. కోడలు రోజు విడిచి రోజు ఫోను చేసేది. "అత్తయ్య ఇవాళ గేటు దగ్గర కూర్చోబెట్టమన్నారు పిన్నిగారూ. ఇంకా రారు అత్తయ్యా, బండి పనిలో ఉందట అంటే, 'నీకు తెలీదులే, అది చెప్పకుండా వస్తుంది' అంటున్నారు." అక్కకు చెవులు సరిగా వినపడవు. ఫోనులో మాట్లాడించే వీల్లేదు. ఏం చెప్పుకోవాలన్నా ఎదురుగా కూర్చునే చెప్పుకోవాలి.

తొమ్మిదో రోజు పొద్దున్న పనంతా అయిపోయింది. మేస్త్రి పంపు తగిలించి గాలి లాగాడు. సూది దిగి నిలబడింది. కాకు మూశాడు. గడియారం చూశాడు. పది గంటలు. అద్దం మీద సుద్ద గీత గీశాడు.

లోపల నుంచి నవ్వు వినిపించింది. చూస్తే భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ముక్కుకు గొట్టం లేదు. ఆకుపచ్చ అంచు చీర కట్టుకుంది. తల దువ్వుకుంది. ఒక చెయ్యి కూతురి భుజం మీద, ఇంకో చేతిలో తాళం.

"ఇవాళ ఒంట్లో బాగుంది మేస్త్రీ. చూడు, ఆయాసం లేదు. గ్యాసు పట్టెయ్యి, పోదాం."

మేస్త్రి ఆ చీర అంచు వైపు చూశాడు. తర్వాత సూది వైపు చూశాడు.

"రేపు ఈ వేళకి" అన్నాడు.

"ఏంటి?"

"ఇప్పుడే కాకు మూశాను. రేపు పదింటికి చూసి గ్యాసు పడతాను. పదిన్నరకి బయల్దేరదాం."

కూతురు నోరు తెరిచింది. "నాన్నా! అమ్మ ఎన్నాళ్ళకి లేచి నిలబడిందో చూస్తున్నావా?"

వెల్డరు సామాన్లు సర్దుకుంటున్నాడు. వాడూ ఆగాడు. "అన్నా, నలభై ఏళ్ళలో నీ జాయింటు ఎప్పుడైనా లీకైందా? అరగంట చూద్దాం. కదలకపోతే పట్టెయ్యి. వదిన వెళ్ళిరానీ."

"అరగంటలో కనపడేది పెద్ద చిల్లు. చిన్నది రాత్రికి గానీ కనపడదు."

"చిన్నదైతే మూడు గంటల్లో ఏమవుతుంది?"

"దారిలో ఇంజను వేడెక్కుతుంది, గొట్టాలు అదురుతాయి. చిన్నది పెద్దదవుతుంది. నట్టనడి దారిలో, ఎండలో, అద్దాలు మూసిన బండిలో..." మేస్త్రి మాట మింగేశాడు. అతని కళ్ళ ముందు ఉన్నది ఎవరి తల్లో అతనికే తెలుసు. "వేరేవాళ్ళ బండికే పట్టను. ఇందులో కూర్చునేది మీ వదిన."

వెల్డరు సామాన్ల సంచి ముడి బిగించాడు. కూతురు తల్లి మొహంలోకి చూసింది. తల్లి మాట నెగ్గుతుందని ఆశ.

మేస్త్రి భార్య గుమ్మానికి చేరగిలబడి మొగుణ్ణి తేరిపార చూసింది. చూస్తూ చూస్తూ నవ్వేసింది. "ఈయన సూది కదలదు, ఈయనా కదలడు. పోనీలే. పదకొండేళ్ళు ఆగినవాళ్ళం, ఒక్కరోజు ఆగలేమా? రేపే పోదాం." కూతురితో, "ఈ చీర విప్పి జాగ్రత్తగా మడత పెట్టమ్మా, రేపు ఇదే కడతాను" అంది. వెనక్కి తిరిగి రెండడుగులు వేసి, "కోడలికి చెప్పు, రేపు మధ్యాహ్నం భోజనానికని. అక్కకి ఉప్పు తక్కువ వెయ్యమను, నాకు అసలు వద్దను" అంది.

సాయంత్రం ఎండ తగ్గాక బండిలో ఒకసారి కూర్చోబెట్టమంది. మేస్త్రీ కూతురూ పట్టుకుని ఎక్కించారు. సీటు ఎత్తుగా ఉండటంతో కాళ్ళు సులువుగానే పెట్టగలిగింది. డాష్‌బోర్డు మీద చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరింది. చిల్లు కోసం వెతుకుతోందని మేస్త్రికి తెలుసు.

"లేదు" అన్నాడు.

"తెలుసులే. ఊరికే చూస్తున్నా." వేలు అద్దం కిందికి పోనిచ్చి, "మూత కూడా మూసేశావా? అద్దం కింద లేచేది?" అంది.

"చల్లదనం పోతుంది మరి."

"ఆ మూత దగ్గర కూర్చోవాలని అక్కా నేనూ కొట్టుకునేవాళ్ళం. గాలి తిన్నగా మొహానికి కొట్టేది. అదే గెలిచేది, తోలేది అదే కదా." మళ్ళీ నవ్వింది. "రేపు ఎక్కగానే ఈ గాలి చూపిస్తాను దానికి. ఏడుస్తుంది చూడు. ఏడవకపోతే నేనే గిల్లుతాను."

మేస్త్రి పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఇద్దరూ ఆగి ఉన్న బండిలో, ఎటో పోతున్నవాళ్ళలాగా, అద్దంలోంచి ముందున్న గోడనే చూస్తూ కూర్చున్నారు. కూతురు వచ్చి, మందుల వేళైందని దింపింది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి మేస్త్రి షెడ్డులో బండి అద్దాలు తుడుస్తున్నాడు. తుడిచినవే మళ్ళీ తుడుస్తున్నాడు. రెండు గంటలు ఎలా గడపాలో తెలియడం లేదు. లోపల కూతురు తల్లికి జడ వేస్తోంది. మాటలు వినపడుతున్నాయి. గట్టిగా లాగకే, నీకు నా మీద కోపముంటే మొగుడి మీద చూపించు, అని ఆవిడ అంటోంది. కూతురు నవ్వుతోంది. జడ సగం అల్లేసరికి తల పక్కకు వాలింది.

"అమ్మా" అంది కూతురు. తర్వాత ఇంకోసారి అంది. ఆ రెండో పిలుపుకు మేస్త్రి చేతిలో గుడ్డ జారిపోయింది.

డాక్టరు వచ్చాడు. మణికట్టు పట్టుకుని చూసి, తన కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. చుట్టుపక్కలవాళ్ళు వచ్చారు. మేస్త్రి మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. కూతురు సగం జడను పూర్తి చేసింది. ముడి ఎంతకీ పడలేదు. పక్కింటావిడ వచ్చి ముడి వేసింది.

గోడ గడియారం పది కొట్టింది. మేస్త్రి లేచాడు. షెడ్డు వైపు నడిచాడు. వెల్డరు వెంట పరిగెత్తాడు, ఏం చేసుకుంటాడోనని.

సూది సుద్ద గీత మీదే ఉంది. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

మేస్త్రి దాని ముందు నిలబడి చూశాడు. అది కదిలి ఉంటే బాగుండేదని వెల్డరు మనసులో అనుకున్నాడు. కొంచెం, గీతకు ఈ పక్కకో ఆ పక్కకో కదిలి ఉంటే ఈ మనిషి బతికిపోయేవాడు. నిన్న పోయి ఉంటే దారిలోనే ప్రాణం మీదికి వచ్చేదని చెప్పుకోవడానికి ఒక ఆధారమైనా ఉండేది.

మేస్త్రి గ్యాసు సిలిండరు తెచ్చి గొట్టం తగిలించాడు. బండి స్టార్టు చేశాడు. చప్పుడు విని కూతురు పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా, ఇప్పుడెందుకు నాన్నా ఇది?"

"పెద్దమ్మను తీసుకురావాలి. ఆవిడ చూడాలి."

"వాళ్ళే ఏదో బండిలో..."

"తుంటి విరిగిన మనిషి. ఎండ." ఇరవై నిమిషాల్లో గ్యాసు ఎక్కింది. గొట్టం మీద తడి మెరిసింది, లోపల నుంచి చల్లటి గాలి వచ్చింది. భార్య దిండు కింద నుంచి బండి రెండో తాళం తెచ్చుకున్నాడు. నిన్న ఆవిడ చేతిలో ఉన్నది అదే. జేబులో వేసుకుని బయల్దేరాడు.

మూడు గంటలు ఆ చల్లటి బండిలో ఒక్కడే పోయాడు.

అక్కగారు గేటు దగ్గర చక్రాల కుర్చీలో ఉంది. ఫోను ముందే వచ్చింది, ఆమెకు తెలుసు. మొహం ఉబ్బి ఉంది. బండి ఆగగానే మనిషిని కాదు, బండిని చూసింది. పక్క సీటు చూసింది. ఖాళీగా ఉంది. తెలిసి కూడా చూసింది.

"ఇంజను చప్పుడు మారిందే మరిదీ" అంది.

"ఏసీ పెట్టాను వదినా" అని మేస్త్రి ఆమె చెవి దగ్గర గట్టిగా అన్నాడు. "తన కోసమే."

కోడలూ పొరుగాయనా కలిసి ఆమెను ఎక్కించారు. నొప్పికి పళ్ళు బిగపట్టింది గానీ అరవలేదు. మధ్యలో ఆమె, తలుపు వైపు కోడలు. బండి ఊరు దాటి ఎండలోకి వచ్చింది. బయట రోడ్డు మీద ఎండ నీళ్ళలాగా మెరుస్తోంది. లోపల వేళ్ళు చల్లబడేంత చల్లగా ఉంది.

మిట్ట ఎక్కుతుంటే, "గేరు మార్చు, ఇంజను ఏడుస్తోంది" అందామె. మేస్త్రి మార్చాడు. మిట్ట దిగాక జేబులో నుంచి తాళం తీసి ఆమె ఒళ్ళో పెట్టి, ఆమెకు వినపడేలా గట్టిగా అన్నాడు.

"తన చేత్తో నీకివ్వాలనుకుంది. ఈ బండి నీదే."

ఆమె తాళాన్ని చూసింది. ముట్టుకోలేదు. "ఈ కాలితో నేను క్లచ్ తొక్కుతానా? బండి ఎవరిక్కావాలయ్యా. నడుస్తోందా అని అడిగాను, అంతే. నడుస్తుంటే అది వస్తుందని. వస్తే తిడదామని. పదకొండేళ్ళ తిట్లు దాచిపెట్టుకున్నాను. ఒక్కటీ పారెయ్యలేదు. ఇప్పుడు ఎవర్ని తిట్టను?"

కోడలు మొహం అటు తిప్పుకుంది.

బండి ఇంకో ఊరు దాటింది. తర్వాత వదిన తల తిప్పకుండానే అడిగింది.

"నిన్న బయల్దేరి ఉంటే వచ్చేదా?"

దీనికి చెప్పుకోవడానికి ఎన్నో మాటలున్నాయి. ఎవరి చేతుల్లో ఏముంది అనొచ్చు. నిన్నైతే ప్రయాణం బడలికకే పోయేదేమో అనొచ్చు. అవన్నీ పొద్దున్న ఇంటికొచ్చినవాళ్ళు అతనికి చెప్పినవే. ముందు ముందు కూడా చెబుతారు.

"వచ్చేది వదినా" అన్నాడు మేస్త్రి. "నిన్న బాగుంది. చీర కట్టుకుని నిలబడింది. గ్యాసు పట్టడానికి ఇరవై నిమిషాలు."

"మరెందుకు ఆపావు?"

"కారిపోతే? దారిలో కారిపోతే తను... అందుకని ఒక రోజు చూశాను."

"కారిందా?"

"లేదు."

వదిన తిడుతుందేమోనని మేస్త్రి ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు. పదకొండేళ్ళవీ తనమీద పోసినా మోయడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆమె డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి, పెట్టె కింద నుంచి తన మోకాళ్ళ మీదికి వస్తున్న గాలిని చూస్తూ కూర్చుంది.

రోడ్డు అతని కళ్ళలో చెదిరిపోయింది. బండి కొంచెం పక్కకు లాగింది. ఎదురుగా లారీ హారను మోగించింది.

"ముందు చూసి తోలు!" అని వదిన అరిచింది. తర్వాత గొంతు తగ్గించింది. "కళ్ళు తుడుచుకో. నీ ఏడుపు ఇంటికి పోయాక. నేను దాన్ని చూడాలి."

మేస్త్రి చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకా గంట దారి ఉంది. చలికి ఆమె భుజాలు వణుకుతుంటే కోడలు తన పైట చెంగు కప్పింది. ఏసీ ఆపమని ఎవరూ అనలేదు. ఆపాలని అతనికీ తోచలేదు.